తరుగు

పేరేచర్ల కంకర క్వారీ దగ్గర
ట్రాక్టరు తోలే ఏలీషా అమ్మాడు, తొమ్మిది వేలకి.
ఎత్తు షాకులు, బొడిపెల టైర్లు,
మట్టిగుట్టల మీద పందేలకి ఎగిరెగిరి
నడుం పడిపోయిన టూ స్ట్రోకు యమహా.
"కిక్కు కొడితే లెగుద్ది సార్" అన్నాడు.
లెగిసింది. లెగిసి, మూలిగి, కూలబడింది.
ట్రక్కాటోలో వేసుకుని గుంటూరు తెచ్చాను,
పైన గోనెపట్టా కప్పి,
సుగుణ చూస్తుందని.

సుగుణ చూసింది.
"నలభై ఆరేళ్లకి గుర్రమెక్కుతావా" అని
బియ్యం చాటతో లోపలికి పోయింది.

ఫిల్టరు డబ్బా తెరిస్తే ఫిల్టరు లేదు.
బదులుగా పాత బనీను ముక్క,
దాని మడతల్లో ఎర్రటి దుమ్ము, మూడు మిరపగింజలు.
ఏడు తుమ్ములు తుమ్మి నవ్వుకున్నాను:
ఓసినీ, నువ్వూ మా యార్డు సరుకువేనా!
పందొమ్మిదేళ్లుగా నేను మిర్చియార్డులో కాటా గుమస్తాని.
నా బనీనులోనూ అదే దుమ్ము, నా దగ్గులోనూ.

రాత్రుళ్లు అన్నం తిన్నాక వరండాలో విప్పేవాణ్ణి.
నట్లన్నీ పచ్చడి జాడీ మూతలో.
సైలెన్సర్‌ని కాస్టిక్ సోడాలో నానేస్తే
తెల్లారేసరికి బకెట్టు నిండా కాటుక.
హెడ్డు ఎత్తాను. పిస్టన్ నెత్తిన
పచ్చబొట్టులా ఒక అంకె: యాభై.
అంటే నాకన్నా ముందే ఈ సిలిండర్ని
రెండుసార్లు తొలిచేశారన్నమాట.
గోడ పొడుగునా నిలువు గీతలు,
పిల్లి గీరిన తలుపులా.

ఆటోనగర్లో జాన్‌సైదా లేతు షాపు.
కళ్లజోడుకి ఒక కొమ్మే ఉంది, రెండోది పురికొస.
లోపలికి గేజి దించి,
పైన, నడుమ, కింద, మళ్లీ అడ్డం తిప్పి,
ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.
అలవాటుకొద్దీ అడిగేశాను:
"తరుగెంత?"

ఆ మాట నాది. రోజుకి ఏడెనిమిది వందలసార్లు అంటాను.
సంచికని కొంత, తేమకని కొంత,
తాలుకని, పుల్లకని,
ఏమీ లేకపోతే ఆనవాయితీకని.
బొల్లాపల్లి రైతు కాటా వంక చూస్తాడు, నా వంక చూస్తాడు,
తువ్వాలు దులుపుకుంటాడు.
కాటాకన్నా నా కలమే బరువని అతనికి తెలుసు.

జాన్‌సైదా గేజి తుడిచాడు.
"పైన ఎనిమిది పాయింట్లు. కింద ఆరే.
ఉన్నది ఉన్నట్టు చెప్పా.
ఒక్క పాయింటు ఎక్కువ కోస్తే గలగలాడుద్ది,
తక్కువైతే పట్టేసుద్ది.
ఇనుముతో బేరాల్లేవు గుమస్తాగారూ.
డెబ్బై ఐదు పిస్టన్ తెచ్చుకోండి.
ఆపైన ఇంకొక్క సైజే ఉంది దీనికి, గుర్తుంచుకోండి."

సాయంత్రానికి సిలిండర్ ఇచ్చాడు.
లోపల సన్నటి అడ్డగీతల మెరుపు,
అప్పుడే అల్లిన చాపలా.
అనుకున్నంత పని పట్టలేదని
యాభై రూపాయలు వెనక్కిచ్చాడు.
ఆ నోటు జేబులో పెట్టుకోడానికి
ఎందుకో చాలాసేపు పట్టింది.

కొత్త రాడ్డు, బేరింగు, సీళ్లు: చీటీ డబ్బులు హారతి.
లీటరు పెట్రోలుకి ముప్పై మిల్లీలీటర్ల ఆయిలు
దగ్గుమందు మూతతో కొలిచి కలిపాను.
పదిహేడో కిక్కుకి గొంతు విప్పింది,
రేకు చింపినట్టు, పొద్దున్నే వీధంతా నీలిపొగ.
ఇస్త్రీబండి కొండమ్మ పెట్టె పక్కన పెట్టి
"మా పెళ్లినాటి వాసనరా అయ్యా" అంది.
సుగుణ గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది,
లోపలికి మాత్రం పోలేదు.
ప్లగ్గు విప్పి చూశాను, టీ డికాక్షన్ రంగు.
సరిపోయింది.

ఆదివారం పేరేచర్ల గుట్టల కిందికి పోయాను.
పైనుంచి కుర్రాళ్లు, "దూకించు బాబాయ్!"
మణికట్టు దురద పెట్టింది.
సగానికి మించి తిప్పలేదు.
కొత్త రింగులు, కొత్త గోడ,
తొందరపెడితే మళ్లీ గీతలే.

సోమవారం మొదటి టిక్కీ.
కాటా మీద నలభై ఒకటీ మూడొందలు.
నా గోళ్లలో ఇంకా గ్రీజు.
పెన్ను అలవాటు వైపు వంగి, ఆగింది.
నలభై ఒకటీ మూడొందలనే రాశాను.
రైతు తువ్వాలు దులపడం మర్చిపోయాడు.

రెండో టిక్కీకి సేటు దగ్గాడు.

ఇంకా నాలుగొందల ముప్పై కిలోమీటర్లుంది
రింగులు కూర్చోవడానికి.